రెండు నలభైకి వచ్చి చూడండి

నాలుగో రోజు

ఈ పుస్తకం నాకు గొట్టాల మరమ్మతులు రాసుకోమని ఇచ్చారు. మూడో నంబరు మంచుబాయిలో, అంటే మంచు తవ్వే గనిలో, గాలి గొట్టాల మేస్త్రిని నేను. పేరు ఓదెమ్మ. ఎడమ పేజీలో గొట్టాల సంగతి రాస్తాను, నన్ను పెట్టుకున్నది దానికే కాబట్టి. కుడి పేజీ నాది. ఎవరైనా తెరిచి చదివితే చదవనీ, నాకేం సిగ్గు లేదు.

మళ్ళీ మొదలైంది. పదహారు నెలలు ఎటు పోయిందో పోయి, నాలుగు రోజుల కిందట తిరిగొచ్చింది. కుడికన్ను వెనకాల, అదే చోటు. నాది రాత్రిపాళీ, మధ్యాహ్నం ఒంటిగంటకు పడుకుంటాను. సరిగ్గా రెండు నలభైకి లేపుతుంది. బాయి గడియారం అప్పుడప్పుడు వెనకబడుతుంది గానీ ఇది వెనకబడదు. రోజుకు మూడుసార్లు వస్తుంది, మిగతా రెండూ అటూ ఇటూ అయినా రెండు నలభైది మాత్రం తప్పదు.

ఎర్రగా కాల్చిన చువ్వను లోపలినుంచి పెట్టి కనుగుడ్డును బయటికి నెడుతున్నట్టుంటుంది. ఆ కన్నొక్కటే ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు కూడా అటువైపే కారుతుంది. రెప్ప వాలిపోతుంది. పడుకోలేను, కూర్చోలేను. మా గది ఆరడుగులు, ఆ ఆరడుగుల్లోనే తిరుగుతాను, గోడకు తల కొట్టుకుంటాను. చందమామ మీద మనిషి బరువు తక్కువ కదా, విసురుగా అడుగేస్తే పైకి లేచి కప్పుకు కూడా కొట్టుకుంటాను. నవ్వొస్తే నవ్వండి. గంటన్నర తర్వాత ఎలా వచ్చిందో అలాగే పోతుంది.

మా ఆయన రాయమల్లు క్యాంటీన్‌లో వంట చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇది చూసి నాకు అమ్మవారు పూనిందనుకున్నాడు. ఇప్పుడు తడిగుడ్డ పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాడు. దానితో ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు. అయినా నిలబడతాడు.

ఆరో రోజు

పన్నెండేళ్ళలో నాకు ఎన్ని రోగాలు అంటగట్టారో రాసిపెడతాను. పన్నునొప్పి అన్నారు, రెండు పళ్ళు పీకారు. సైనస్ అన్నారు, ముక్కు కడిగారు. పార్శ్వనొప్పి అని చీకటి గదిలో పడుకోబెట్టారు, నేను ఆ చీకట్లో మంచాన్ని విరగ్గొట్టాను. ఒక పెద్దమనిషి, పిల్లలు లేరు కదమ్మా, ఆ దిగులు అన్నాడు. దిగులైతే కుడికంట్లోకే ఎందుకు పోతుంది, ఎడమకన్ను దానికేం తక్కువ చేసింది అని అడిగాను. మందు రాయకుండానే పంపేశాడు.

పోయినసారి భూమినుంచి వచ్చిన ఓడలో కొత్త డాక్టరమ్మ దిగింది. నఫీసా అని, సన్నగా, మాటలు తక్కువ. దవాఖానాలో నన్ను కూర్చోబెట్టి ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది. నొప్పి వచ్చినప్పుడు పడుకుంటావా, తిరుగుతావా అని. తిరుగుతానన్నాను. ఏ కన్ను, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఎన్నాళ్ళకోసారి, సారా తాగితే వస్తుందా, అన్నీ అడిగి రాసుకుంది. ఒక్క గుక్క తాగినా వస్తుందన్నాను. కలం కింద పెట్టింది.

"దీనికి పేరుందమ్మా. క్లస్టర్ తలనొప్పి అంటరు. నీకు పిచ్చి లేదు, దిగులు లేదు. మందుంది."

ఈ రోజు రెండు కళ్ళతోనూ ఏడ్చాను.

మందులు మూడు రకాలట. నొప్పి అసలు రాకుండా ఆపే మాత్రలు, గుండె పటం తీసి చూసుకుంటూ మెల్లగా పెంచాలి, పట్టు దొరకడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నొప్పి వచ్చాక వేసే సూదులు, అవి బాయి మొత్తానికి ఆరే ఉన్నాయి. మూడోది చెప్పేముందు డాక్టరమ్మ నా ముఖం చూసింది. ఆక్సిజన్. సంచి ఉన్న మాస్కు ముక్కుకూ నోటికీ బిగించి, నిమిషానికి పన్నెండు లీటర్ల చొప్పున పావుగంట పీల్చాలి. భూమి మీద నొప్పి రాగానే ముందు ఇచ్చేది ఇదేనట.

మా దగ్గర గాలి అంటే ఆక్సిజనే. మంచు తవ్వి, కరిగించి, నీళ్ళను విడగొట్టి చేసుకుంటాం. డాక్టరమ్మా, మీరు వజ్రాలు అరగదీసి తాగమన్నా బాగుండేది అన్నాను.

ఎనిమిదో రోజు

పని చేసింది.

దవాఖానాలో రెండు నలభై రెండుకు మాస్కు పెట్టారు. అయిదో నిమిషానికి చువ్వ అక్కడే ఉంది. ఎనిమిదో నిమిషానికి కొంచెం వెనక్కు జరిగింది. పన్నెండో నిమిషానికి లేదు. నేను మంచం అంచు మీద కూర్చుని, ఎక్కడ దాక్కుందా అని లోపల వెతుక్కున్నాను. రాయమల్లు నా ముఖం ముందు చెయ్యి ఊపి, ఉన్నావా అన్నాడు.

సంతోషం వచ్చిన మాట నిజమే గానీ దాని వెనకే ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు. ఈ బాయిలో ప్రతి గదికీ వెళ్ళే గొట్టం నేను బిగించిందే. నా మందు రోజూ నా చేతుల కిందనుంచి పారుతుంటే, నేను పళ్ళు పీకించుకుంటూ కూర్చున్నాను.

పదకొండో రోజు

సర్దార్ పోశం స్వయంగా మా గదికి వచ్చాడు. మా ముత్తాతలు గోదావరి పక్కన బొగ్గుబాయిల్లో దిగినవాళ్ళు. గనిని బాయి అనడం, కింద మనుషుల ప్రాణం చూసే పెద్దను సర్దార్ అనడం వాళ్ళతోపాటే ఇక్కడికి వచ్చాయి. పోశం మా గాలి సర్దార్. నాకు పదిహేడేళ్ళప్పుడు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. నన్ను బిడ్డా అనే పిలుస్తాడు, ఈ రోజూ అలాగే పిలిచాడు.

ఆయన చెప్పిన మాట కొత్తదేం కాదు. మా బాయిలో పుట్టిన పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చే రూలు అది. ప్రతి గదికీ గాలి తెచ్చే గొట్టానికి ఒక మీటరు ఉంటుంది. మీటరు దాటిన గాలి మనిషి పీల్చేసిన గాలి. మనిషికి రోజుకు ఇంత వాటా. నా మూడు పోట్లకు మూడు పావుగంటలు, ఒక్కొక్కటి నూటఎనభై లీటర్లు. అది ఇంకో మనిషి రోజంతా బతికే గాలి. ఈ బాయిలో ఆ ఇంకో మనిషికి చోటు లేదు.

ఈ రూలు ఊరికే పుట్టలేదు. ముప్పైరెండేళ్ళ కిందట ఒకటో నంబరు బాయిలో ఒక్క పూటలో పదకొండు మంది పోయారు. వాళ్ళలో సర్దార్ భార్య లచ్చవ్వ ఉంది. కొందరు గదుల్లో సిలిండర్లు దాచుకోవడంవల్లే మిగతావాళ్ళకు అందలేదని అప్పట్లో అనుకున్నారు. ఆ రూలు రాసింది పోశమే. అందుకే ఆయనతో కొట్లాడాలంటే నాకు నోరు రాదు.

ఈ రోజు మాత్రం నోరు వచ్చింది. గాలి వాటాలు తేల్చే కమిటీ కూర్చునేదాకా రోజుకు ఒక్కసారి, అదీ నా గదిలోనే, నా వాటా మీదనే పీల్చుకోనిస్తానన్నాడు. తర్వాత బంద్. గాలి మేస్త్రికి అలాంటి నొప్పి ఉంటే బాయికే ప్రమాదం కాబట్టి నన్ను పనికి తగనిదని రాసి, ముప్పయ్యో రోజున పోయే ఓడలో భూమికి పంపుతానన్నాడు. అక్కడ గాలి ఊరికే దొరుకుతుంది బిడ్డా అన్నాడు.

నేను ఇక్కడే పుట్టాను. నా ఎముకలు ఇక్కడి బరువుకు పెరిగినవి. భూమి మీద నేను లేచి నిలబడలేను, మంచం మీదే తిని మంచం మీదే పోవాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను మీ ఓడ ఎక్కను సర్దార్ సాబ్, మోసుకుపోవాలంటే ఆరుగురిని తోలుకొని రండి, నేను కరుస్తా అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

పదమూడో రోజు

సూదులు రెండు అయిపోయాయి, నాలుగు మిగిలాయి. మాత్రలు మొదలుపెట్టి వారం, ఇంకా పట్టు రాలేదు.

క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఒకామె తన పిల్లను దగ్గరికి లాక్కుంది, నేనేదో దాని ముక్కులోంచి గాలి గుంజుకుంటానన్నట్టు. నొప్పి లేదు ఏమీ లేదు, గాలి రుచి మరిగింది అని ఒకడు వెనకనుంచి అన్నాడు. రాయమల్లు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. వాడికి ఆ పూట పప్పు అందలేదు.

పదిహేనో రోజు

ఈ రోజు సంగతి నిదానంగా రాయాలి.

మధ్యాహ్నం పోటు వచ్చింది, మాస్కు పెట్టుకున్నాను. నొప్పిలో నాకు గాలి బయటికిపోయే గొట్టం చేసే ఈల శబ్దం భరించరానిది. అది చూసి రాయమల్లు ఆ గొట్టానికి తువ్వాలు కుక్కాడు. నేనూ గమనించలేదు. పదమూడో నిమిషానికి మంట గంట మోగింది. గదిలో గాలి మరీ చిక్కనైతే నిప్పురవ్వ చాలు, మొత్తం అంటుకుంటుంది. అందుకే ప్రతి గదిలో ఆ గంట ఉంటుంది. కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చి, తువ్వాలు పీకి, మమ్మల్ని తిట్టి, ఒక చీటీ రాసిచ్చి పోయారు. తిట్టడం న్యాయమే. గాలి మేస్త్రి గదిలో గొట్టానికి తువ్వాలు కుక్కి ఉండటం నా జన్మకు సిగ్గుచేటు.

గంట తర్వాత మీటరు ఆఫీసునుంచి ఇంకో చీటీ వచ్చింది. రెండూ మంచం మీద పక్కపక్కన పడ్డాయి. కాపలావాళ్ళ చీటీలో, ఓదెమ్మ గదిలో గాలి ఎక్కువగా చేరింది, ప్రమాదం అని ఉంది. మీటరు చీటీలో, ఓదెమ్మ గాలి ఎక్కువగా పీల్చి ఖర్చు చేసింది, వాటా దాటింది అని ఉంది. సంతకాల పక్కన టైము కూడా ఉంది. రెండిట్లోనూ రెండు యాభై అయిదు.

రెండుసార్లు చదివాను. మూడోసారి రాయమల్లుకు వినిపించాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"తిన్న అన్నం పళ్ళెంల ఎట్ల ఉంటది?"

ఇరవైనాలుగేళ్ళు గొట్టాలు బిగించిన నాకు రాని మాట అది. మనిషి పీల్చిన గాలిలో శరీరం తీసుకునేది ఏ కొంచెమో. మిగతాది వచ్చిన దారినే బయటికి పోతుంది. మామూలుగా మీటరు వదిలేది ఆ కొంచెమే కాబట్టి, దాటిందంతా పీల్చిందే అనుకుంటే లెక్క సరిపోతూ వచ్చింది. మాస్కులోంచి వచ్చే నూటఎనభై లీటర్లు మటుకు నా ముక్కు చుట్టూ తిరిగి మళ్ళీ గదిలోకే వస్తాయి, గదిలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి బాయికి. మంట గంటలు చూసేవాళ్ళు ఉత్తరపు సొరంగంలో ఉంటారు, మీటర్లు చూసేవాళ్ళు దక్షిణపు సొరంగంలో. ముప్పైరెండేళ్ళలో ఆ రెండు చీటీలు ఒక మంచం మీద పడటం ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

గట్టిగా నవ్వాను. పోటు వచ్చిన రోజు నేను నవ్వడం రాయమల్లు ఎప్పుడూ చూడలేదు.

పదిహేడో రోజు

రెండు చీటీలూ పట్టుకుని సర్దార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివాడు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. మాటలతో ప్రాణాలు నిలబడవు బిడ్డా, కళ్ళతో చూస్తేనే నమ్ముతా అన్నాడు. పక్కనున్న కమిటీ మనిషి ఒకాయన, అసలు నొప్పి ఉన్నట్టు మాత్రం ఏం రుజువు, గాలి కోసం ఎవరైనా ఏడవచ్చు కదా అన్నాడు.

పన్నెండేళ్ళుగా తలుపు మూసుకునే ఏడ్చాను. కన్ను వాలిపోయి, ముక్కు కారుతూ, గోడకు తల కొట్టుకునే ఆడమనిషిని ఎవరూ చూడకూడదని. ఆ మాట విన్నాక ఆ సిగ్గు ఏమైపోయిందో తెలియదు.

"సూట్లకు చిల్లులు చూసే అద్దాల గది ఉంది గద. నన్ను అండ్ల పెట్టి తలుపు మూయండి. సిలిండర్ పెట్టండి. రెండు నలభైకి రండి, కమిటీ అంతా రండి. నొప్పీ చూడండి, గాలీ చూడండి."

ఆ గదిలో లీటరు గాలి పెరిగినా తగ్గినా ముల్లు పట్టేస్తుంది. సర్దార్ ఇరవయ్యో రోజుకు ఒప్పుకున్నాడు.

రాయమల్లు ఆ సాయంత్రం అన్నం కలపకుండా కూర్చున్నాడు. అంతమంది ముందు అలా ఎలా తిరుగుతావు, నాకే చూడలేక ప్రాణం పోతుంది అన్నాడు. నువ్వు రాకు అన్నాను. రాకుండా ఉంటానా అని కోప్పడ్డాడు.

ఇరవయ్యో రోజు

రెండు నలభైకి అద్దం బయట నలభై మంది దాకా ఉన్నారు. కమిటీ అయిదుగురు, డాక్టరమ్మ, మీటరు ఆఫీసువాళ్ళు, పనిలేని క్యాంటీన్ జనం. సిలిండర్ నా పక్కనే ఉంది, దాని చక్రం మాత్రం బయట సర్దార్ చేతి దగ్గర. రూలు ప్రకారం ఆయన తిప్పితేనే గాలి.

రెండు నలభై అయింది. రాలేదు.

యాభై అయింది. మూడు అయింది. నేను పొద్దున్నుంచి నిద్రపోలేదు, అందుకేనని ఇప్పుడు తెలుస్తోంది. ఇది నిద్రలో మెడ పట్టుకునే రకం. పన్నెండేళ్ళు ఒక్క రోజు ఆలస్యం చేయని ముదనష్టపుది, పిలిచిన రోజు మొహం చాటేసింది. బయట నవ్వులు మొదలయ్యాయి. ఇద్దరు లేచి వెళ్ళిపోతున్నారు. సర్దార్ ముఖంలో నాకోసం జాలి కనిపించింది. ఆ జాలి చూశాక ఇక ఆగలేదు.

మాట్లాడే గొట్టం దగ్గరికి పోయాను.

"సర్దార్ సాబ్, మీ బీరువాల సారా సీసా ఉన్నదని బాయంతటికీ ఎరుకే. ఒక్క గుటక ఇప్పియ్యండి."

డాక్టరమ్మ వద్దని తల ఊపింది. నేను ఆమె వైపు చూడలేదు. సర్దార్ తానే వెళ్ళి, గ్లాసులో రెండు వేళ్ళ మందం పోసి, రెండు తలుపుల చిన్న అరలోంచి లోపలికి పంపాడు. తాగాను. ఇష్టంగా తాగి పన్నెండేళ్ళయింది, రుచి కూడా మరిచిపోయాను.

మూడు ముప్పైరెండుకు వచ్చింది.

దాని గురించి ఎక్కువ రాయను, చూసినవాళ్ళు నలభై మంది ఉన్నారు. ఎప్పుడూ వచ్చేదానికంటే గట్టిగా వచ్చింది. తిరిగాను. మోకాళ్ళ మీద పడ్డాను. అద్దానికి నుదురు కొట్టుకున్నాను, అవతల కమిటీ పెద్దమనిషి ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆయన వెనక్కు జరిగాడు. నాటకం అన్న మాట ఆ తర్వాత ఎవరి నోటా రాలేదు. మాస్కు పెట్టుకుని చక్రం వైపు చెయ్యి చూపించాను. సర్దార్ చెయ్యి చక్రం మీదే ఉంది గానీ కదలడం లేదు. మనిషి కొయ్యబారి నన్నే చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆయన భుజం పట్టుకుని ఊపితే అప్పుడు తిప్పాడు.

పదమూడు నిమిషాలు పట్టింది. పావుగంటకు చక్రం మూశారు. నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను, కన్ను ఇంకా కారుతోంది గానీ చువ్వ లేదు.

సిలిండర్ వదిలింది నూటఎనభై. గదిలో పెరిగింది నూటడెబ్బైరెండు. నేను తీసుకున్నది ఎనిమిది లీటర్లు. ఊరికే మూల కూర్చుని ఊపిరి తీసుకున్నా పావుగంటకు ఆరేడు అవుతాయి. సర్దార్ ముల్లును తాను చూశాడు, మీటరు ఆఫీసువాళ్ళ చేత చూపించాడు, మళ్ళీ తాను చూశాడు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇరవైఒకటో రోజు

పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపు దగ్గర కొమురయ్య నిలబడి ఉన్నాడు. మంచు కొట్టే ముఠాలో పెద్దవాడు, యాభై దాటాయి. ఎప్పుడూ నాతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. లోపలికి రమ్మంటే వచ్చి, కూర్చోమంటే కూర్చోలేదు. నోరు తెరిచి చూపించాడు. ఎడమవైపు పైన మూడు పళ్ళు లేవు.

"నాకూ గదే చెల్లె. ఎడమ కన్ను. ఇరవై ఏండ్లాయె. ఎవలకు చెప్పలే. చెప్తే కిందికి పంపుతరని."

నిన్న అద్దం దగ్గర నిలబడి, నన్ను చూస్తూ తన కన్ను తాను పట్టుకున్నాడట. ఇరవై ఏళ్ళు మంచు సొరంగం చివరికి పోయి, అక్కడ యంత్రాల రొదలో అరుచుకునేవాడట. ఆయన భార్యకు కూడా పన్నునొప్పి అనే తెలుసు. రాయమల్లు అంబలి ఇస్తే తాగి పోయాడు.

సాయంత్రం కమిటీ కాగితం వచ్చింది. ఓదెమ్మ బాధను దయతో పరిశీలించి, ఓదెమ్మకు మాత్రమే, ప్రత్యేకంగా, మాస్కు గాలి వాడుకోవడానికి అనుమతి ఇవ్వడమైనది. ఓడ ప్రయాణం రద్దు.

రాయమల్లు ఆ కాగితం కళ్ళకద్దుకున్నాడు. నేను తీసుకుని, వెనక పక్కన రాసి తిరిగి పంపాను. నాకు దయ అక్కరలేదు. రూలు తప్పు, రూలు మార్చండి. మాత్రమే అన్న మాట ఉన్నన్నాళ్ళు నేను మీ మాస్కు ముట్టను. కొమురయ్య పేరు రాయలేదు, అది నేను చెప్పాల్సిన మాట కాదు.

రాయమల్లు నా పళ్ళెం విసురుగా పెట్టి, తనది తీసుకుని క్యాంటీన్‌కు పోయాడు.

ఇరవైమూడో రోజు

మాస్కు లేకుండా రెండు రోజులు, అయిదు పోట్లు. మాత్రలు పట్టు మొదలుపెట్టినట్టున్నాయి, గంటన్నర కాస్తా గంటకు దిగింది. డాక్టరమ్మ వచ్చి అరిచింది. రోగానికి మందు దగ్గర పెట్టుకుని వాడనివాళ్ళను తాను చూడలేదంది. ఆమె మాటా నిజమే, నేను చేసేదీ నిజమే.

కొమురయ్య తానే దవాఖానాకు వెళ్ళి పేరు రాయించుకున్నాడు. సూది ఒక్కటే మిగిలి ఉంది. డాక్టరమ్మ నన్ను అడిగింది, ఆయనకు వేయమన్నాను. గుండె చూసి వేసింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పది నిమిషాల్లో పోయిందని ఆయన భార్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

ఇరవైనాలుగో రోజు

ఈ రోజు రెండు నలభైకి సర్దార్ మా తలుపు తట్టాడు. కావాలని ఆ టైముకే వచ్చాడో ఏమో. నేను తిరుగుతూ ఉన్నాను. ఆయన లోపలికి వచ్చి, మూలన బిందె పక్కన నిలబడి, యాభై నిమిషాలు అక్కడే ఉన్నాడు. సిలిండర్ గోడకే ఉంది. రెండుసార్లు దాని వైపు చెయ్యి చాపాడు. రెండుసార్లూ వద్దన్నాను.

నొప్పి పోయాక నేను మంచం మీద కూలబడ్డాను. ఆయన కింద కూర్చున్నాడు. బిందె వైపు చూస్తూ అన్నాడు.

"గా రూలు నా లచ్చవ్వ పేరు మీద రాసిన బిడ్డా. అది కొట్టేస్తే ఆమెను నేనే మళ్ల చంపినట్టయితదనిపిస్తది."

ఆ మాటకు నా దగ్గర కోపం లేదు. ప్రమాదం జరిగిన పదకొండేళ్ళకు ఒకటో నంబరు బాయిని మూసేసినప్పుడు ఆ గొట్టాలు విప్పింది నేనే, నాకు అప్పుడు ఇరవయ్యేళ్ళు. జానెడు పొడవున చీలిన అతుకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. అప్పుడే చెప్పాల్సింది. పెద్దాయన బాధపడతాడని మింగేశాను.

"బాపూ, లచ్చవ్వ గాలి ఎవ్వలూ పీల్చుకోలే. అతుకు చీలి బయటికి పోయింది. నేను చూసిన. మనిషి పీల్చిన గాలి బాయిల్నే ఉంటది. బయటికి పోయేది చిల్లుల నుంచే."

ఆయన ఏడ్చాడు. ముసలివాడు ఏడిస్తే ఎలా ఓదార్చాలో నాకు తెలియదు, పక్కన కూర్చున్నాను. లేచేముందు, అప్పుడెందుకు చెప్పలేదని అడిగాడు. భయపడ్డానన్నాను. నువ్వా అన్నాడు.

ఇరవైఆరో రోజు

రూలు పోయింది. ఆయనే కమిటీలో నిలబడి కొట్టేయించాడు. గదిలోకి వచ్చిన గాలి కాదు, గదిలోంచి తిరిగి రానిది మాత్రమే ఖర్చు. అంటే ప్రతి గదిలో బయటికిపోయే గొట్టానికి కూడా మీటరు కావాలి. రెండువందల పద్నాలుగు గదులు, బిగించాల్సింది నేను. ఆయన ఆ పని చెబుతూ కొంచెం నవ్వినట్టే ఉన్నాడు.

మాస్కు ఎవరికి డాక్టరు రాస్తే వాళ్ళకు. పేర్లు లేవు, దయ లేదు. గొట్టానికి తువ్వాలు కుక్కితే మాత్రం జరిమానా. ఆ వాక్యం నేనే చేర్పించాను.

మొదటి మాస్కు మంచు సొరంగం చివర బిగించాను.

ముప్పయ్యో రోజు

ఓడ మధ్యాహ్నం పోయింది. నేను ఇక్కడే ఉన్నాను.

పోటు తగ్గింది గానీ పోలేదు. రెండు నలభైది వస్తూనే ఉంది, మాస్కుతో పది నిమిషాలకు పోతుంది. ఇంకో వారమో నెలో ఉండి, చెప్పకుండా పోతుంది, చెప్పకుండా వస్తుంది. ఇది నయమయ్యే జబ్బు కాదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

సాయంత్రం నాలుగింటికి మంచు సొరంగం చివర మీటరు బిగిస్తుంటే కొమురయ్యకు వచ్చింది. ముఠావాళ్ళు యంత్రాలు ఆపేశారు. ఈసారి ఆయన దాక్కోలేదు. నేను మాస్కు బిగించి చక్రం తిప్పాను, ఆయన మోకాళ్ళ మీద ఊగుతూ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా. ముఠా అంతా చుట్టూ నిలబడి చూసింది. పన్నెండో నిమిషానికి పట్టు వదిలి, మాస్కు తీసి, ఎడమ కన్ను తుడుచుకున్నాడు.

"పోయింది చెల్లె."

"రేపు మళ్ల వస్తది కొమురన్నా."

ఆయన లేచి, మంచు కొట్టే యంత్రం వైపు నడుస్తూ అన్నాడు.

"రానియ్యి."